‘అంతా సంస్కృతమే’ అనే అలవాటు గారికి

అయ్యా, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా టీ కొట్టు దగ్గర ఒక తెలుగాయన, ఒక ఒడియా ఆయన ఏదో ఒక మాట మాదంటే మాదని దెబ్బలాడుకుంటుంటే చాలు, ఎక్కడున్నా మీరు దిగిపోతారు. ‘మీ ఇద్దరిదీ కాదు, సంస్కృతం’ అని తీర్పు చెప్పేసి, ఫీజు కింద ఒక టీ తాగి వెళ్ళిపోతారు. దాని మీద అప్పీలు ఉండదు.

చాలా కేసుల్లో మీ తీర్పు కరెక్టే, కాదనను. కానీ మొన్న బొప్పాయికి కూడా ఏదో ధాతువు లాక్కొచ్చారు చూడండి, అక్కడ ఒళ్ళు మండింది. అది కరీబియన్ దీవుల వాళ్ళ మాటండీ, పోర్చుగీసు వాళ్ళు ఓడలో పండుతోపాటు పేరు కూడా ఎక్కించుకొచ్చారు. టమాటా అయితే మెక్సికోలో నావాట్ల్ మాట్లాడేవాళ్ళది. మా ఒడియా వాళ్ళు తెలివైనవాళ్ళు, బొప్పాయిని అమృతభండా అనేసి మీకు ముందే కప్పం కట్టేశారు!

ఇవి పోనీ, దూరపు సరుకు. కొండ దిగి సంతకి పసుపు, చింతపండు తెచ్చే సవరవాళ్ళని ఎప్పుడైనా ఒక్క ముక్క అడిగారా? వాళ్ళది ముండా భాష, తెలుగుకీ ఒడియాకీ చుట్టం కాదు, ఎక్కడో కంబోడియా ఖ్మేరుకి దూరపు బంధువు. తాంబూలం, కదళి (అరటి), లాంగలం (నాగలి) లాంటి మాటలు ఆ భాషా కుటుంబంలోంచే సంస్కృతంలోకి వెళ్ళాయని ప్రిజిలుస్కీ అనే ఫ్రెంచి పండితుడు దాదాపు వందేళ్ళ కిందటే వాదించాడు. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, ఉండనివ్వండి. మీరు మాత్రం ఆ వాదన ఒకటుందని కూడా ఎవరి చెవినా పడనివ్వరు. అప్పిచ్చినవాణ్ణి వాకిట్లో నిలబెట్టి, తీసుకున్నవాడి పేరు శిలాఫలకం మీద చెక్కించినట్టుంది మీ వరస.

గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు కూడా వచ్చింది. అయినా వదల్లేదు, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వేశారు. ఆయన చెవులు పోగొట్టుకుని మరీ విన్న భాష, రెండు చెవులూ బాగున్న మీకు మాత్రం వినపడదు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి, వ్యావహారిక భాష గురించి గంటసేపు గ్రాంథికంలో దంచుతారు, సవర ఊసే రాదు.

ఈసారి ఆ మైకు సంతకొచ్చే సవర ముసలమ్మ ఎవరికైనా ఇప్పించండి. మీకు మొదటి వరసలో కుర్చీ ఆపి ఉంచుతాను.

ఇట్లు,
పర్లాకిమిడి వాస్తవ్యుడు