యాక్టింగ్ డ్రైవర్‌కు అంతుచిక్కని కారు

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా సొంత కారున్న చాలా ఇళ్లలో ఒక యాక్టింగ్ డ్రైవర్ ఫోన్ నంబర్ ఉంటుంది. యాదగిరిగుట్టకో శ్రీశైలానికో పోవాలన్నా, పెళ్లి చూసుకుని కోదాడ నుంచి అర్ధరాత్రి తిరిగి రావాలన్నా ఆ పూటకు బత్తా మాట్లాడుకుని అతన్నే పిలుస్తారు. పొద్దున ఒకరి స్విఫ్ట్, సాయంత్రం ఇంకొకరి ఇన్నోవా. సీటు జరుపుకుంటాడు, అద్దం సరిచూసుకుంటాడు, కారు తీసేస్తాడు. ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు.

ఇన్నేళ్లూ ఇది నడిచిందంటే కార్ల కంపెనీలన్నీ ఎవరూ చెప్పకుండానే దాదాపు ఒకే పద్ధతి పాటించాయి కాబట్టి. ఏసీ నాబ్ ఎడమచేతికి అందేచోట, బ్లోయర్ దాని పక్కన, లైట్లూ వైపర్లూ స్టీరింగ్ వెనక కాడల మీద. ఉన్న తేడాలు చిన్నవే. మారుతి, హ్యుందాయ్‌లలో ఇండికేటర్ కాడ కుడివైపు, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌లలో ఎడమవైపు. ఆ ఒక్క తేడాకే మొదటి రెండు మలుపుల్లో ఎండలో వైపర్లు ఊగుతాయి, కార్లో ఉన్నవాళ్లు నవ్వుకుంటారు. చెయ్యి అలవాటుగా పోయే చోటు మారితే ఏమవుతుందో చెప్పడానికి ఆ నవ్వు చాలు. ఇప్పుడొస్తున్న ఎలక్ట్రిక్ కార్లలో ఒక కాడ అటూ ఇటూ మారడం కాదు, మీటలు టచ్‌స్క్రీన్‌లోకి పోయి చేతికి తగిలేదే లేకుండా పోతోంది. కొన్నవాడు నెల రోజుల్లో అలవాటు పడతాడేమో. కానీ మన దగ్గర కారు కొన్నవాడొక్కడే నడపడు. తమ్ముడు నడుపుతాడు, సెలవులకొచ్చిన కొడుకు నడుపుతాడు, అల్లుడు నడుపుతాడు, ఒక పూటకు వచ్చిన డ్రైవర్ నడుపుతాడు. టచ్‌స్క్రీన్ మీద నా అభ్యంతరం ప్రధానంగా ఇదే.

మన జిల్లాలకు ఎలక్ట్రిక్ కారు దూరపు ముచ్చట కాదిప్పుడు. 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 41 ఇచ్చి ఈ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. 2026 డిసెంబర్ 31 వరకు ఆ మినహాయింపు. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది, పదేళ్లలో పెట్టుబడి 9,500 కోట్లని చెప్పారు. కారు విలువలో పెద్ద వాటా తీసుకునే బ్యాటరీ మన గడప దగ్గరే తయారు కావాలని కోరుకుంటున్నాం. బాగానే ఉంది. ఆ కారు లోపల స్టీరింగ్ పక్కన ఏముండాలన్న మాట మాత్రం ఇంకా ఎవరూ ఎత్తడం లేదు.

షోరూంలో అమ్ముడుపోయేది తెరే. ఎంజీ విండ్సర్‌లో 15.6 అంగుళాల తెర, ఏసీ సంగతంతా చాలావరకు దానిమీదే. మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈలో డాష్‌బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా 12.3 అంగుళాల తెరలు మూడు. టాటా నెక్సాన్ ఈవీ కాస్త మధ్యేమార్గం పట్టింది. తెర కింద నున్నటి టచ్ ప్యానెల్ పెట్టినా చల్లదనానికీ ఫ్యాన్‌కూ చేత్తో కదిపే మీటలు మిగిల్చింది. ఏసీ గదిలో, ఆగి ఉన్న కార్లో, పక్కన సేల్స్‌మన్ వేలుపెట్టి చూపిస్తుంటే ఏ తెరైనా ముచ్చటగానే ఉంటుంది.

2022లో స్వీడన్‌లోని వీ బిలాగరే అనే కార్ల పత్రిక ఈ ముచ్చటను వేగంలో పెట్టి చూసింది. వాడకంలో లేని ఒక ఎయిర్‌ఫీల్డ్ మీద 11 కొత్త కార్లు, వాటితో పాటు 2005 నాటి పాత వోల్వో వీ70 ఒకటి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతూ డ్రైవర్ నాలుగు రకాల పనులు చేయాలి. సీటు హీటర్, ఏసీ, అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫ్రాస్టర్ సరిచేయడం, రేడియోలో ఒక స్టేషన్ పెట్టడం, ట్రిప్ మీటర్ సున్నా చేయడం, మీటర్ల వెలుతురు తగ్గించడం లాంటివే. బటన్లున్న పాత వోల్వోలో అన్నీ 10 సెకన్లలో అయిపోయాయి. ఆలోపు కారు 306 మీటర్లు పోయింది. అన్నిటికన్నా వెనకబడిన ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.9 సెకన్లు పట్టింది, కారు 1,372 మీటర్లు పోయింది. ఈ లెక్కలు చాలాచోట్ల వచ్చాయి గానీ ఒక్క సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ డ్రైవర్లకు ముందుగా ప్రతి కారునూ అలవాటు చేసుకునే సమయమిచ్చారు. మన యాక్టింగ్ డ్రైవర్‌కు దొరికేది తాళం చేతికిచ్చే నిమిషమే.

65వ నంబర్ జాతీయ రహదారి మీద 1,372 మీటర్లంటే ఏమిటో చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా తిరిగేవాళ్లకు తెలుసు. ఆ దూరంలో డివైడర్ మధ్య సందులోంచి బైక్ ఒకటి అడ్డం రావచ్చు, రాంగ్ రూట్‌లో ఆటో ఎదురు కావచ్చు. కోతల కాలంలో లోపలి రోడ్ల మీద సగం దారి వడ్ల కుప్పలదే. చుట్టూ రాళ్లు పేర్చి పైన నల్ల టార్పాలిన్ కప్పి ఉంటుంది, రాత్రిపూట దగ్గరికి పోతే తప్ప కనపడదు. వెనక లైటు లేని ట్రాక్టర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. డ్రైవర్ తెరవైపు ఒక్కసారి చూసే చూపు రెండు సెకన్లు దాటకూడదని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2013లోనే మార్గదర్శకం పెట్టింది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ రెండు సెకన్లకే కారు 55 మీటర్లు పోతుంది.

పైగా స్వీడన్‌లో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లు తెరను కుడిచేత్తో నొక్కుతారు. మనకు స్టీరింగ్ కుడివైపు, తెర ఎడమవైపు. ఎక్కువమందికి చేతకాని చెయ్యి ఎడమది, దానితోనే అంగుళం లేని గుర్తును గురిచూసి తాకాలి. బొటనవేలు తెర కింది అంచుకు ఆనించి, చూపుడువేలు చాపి, ఫ్యాన్ బొమ్మ మీద పెట్టబోయే సరికి బండి గుంతలో పడుతుంది. వేలు జారి పక్క గుర్తు మీద పడితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. ఇప్పుడు వెనక్కి రావాలి, మళ్లీ ఫ్యాన్ ఎక్కడుందో వెతకాలి. నాబ్ అయితే గుంత వచ్చినప్పుడు అదే ఆసరా. పట్టుకున్న చెయ్యి అక్కడే ఉంటుంది, బండి కుదుటపడగానే తిప్పుతుంది. తెర వేలి ఒత్తిడిని గుర్తుపట్టదు, వేలు తాకినచోట విద్యుదావేశంలో వచ్చే మార్పును పట్టుకుంటుంది. అందుకే తడి వేలంటే దానికి తికమక. మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలకు చేరినప్పుడు చెమట పట్టని వేలు ఎవరిది?

ఎండ కన్నా వాన ఇంకా ప్రమాదం. జూలై సాయంత్రం నకిరేకల్ దాటాక ఒక్కసారిగా జోరువాన పట్టుకుంటుంది. లోపల నలుగురి ఊపిరితో నిమిషంలో ముందు అద్దం ఆవిరి పట్టి తెల్లబడుతుంది. అప్పుడు కావాల్సినవి రెండే, అద్దం మీదికి గాలి, వైపర్ల వేగం. సరిగ్గా రోడ్డు కనపడని ఆ నిమిషంలోనే చూపు తెరమీదికి మళ్లించమంటుంది కారు. జర్మనీలో ఒక టెస్లా డ్రైవర్ ఇలాగే వానలో వైపర్ల వేగం మార్చడానికి తెర మీద వేలు పెట్టి రోడ్డు దిగిపోయాడు. అది డ్రైవింగ్‌లో ఎలక్ట్రానిక్ పరికరం వాడటం కిందికే వస్తుందని 2020లో కార్ల్స్‌రూహె హైకోర్టు తేల్చి, 200 యూరోల జరిమానాను, నెల రోజుల డ్రైవింగ్ నిషేధాన్ని సమర్థించింది. వైపర్ మీటను తెరలోకి పంపింది కంపెనీ, శిక్ష పడింది డ్రైవర్‌కు. మన దగ్గర అలాంటి కేసు వచ్చినా బాధ్యత కంపెనీ మీదికి పోతుందని నాకు నమ్మకం లేదు.

మరి కంపెనీలు బటన్లు ఎందుకు తీసేశాయి? ఆధునికత అని పైకి చెప్తారు. ఒక్కో స్విచ్‌కు అచ్చు కావాలి, వైరు కావాలి, పరీక్షలు కావాలి, కుడి స్టీరింగ్ దేశాలకొకటి ఎడమ స్టీరింగ్ దేశాలకొకటి వేరే అమరిక కావాలి. తెర ఒక్కటి పెడితే మిగతాదంతా సాఫ్ట్‌వేర్. ఆఖరి నిమిషంలో మార్చుకోవచ్చు, కారు అమ్మిన తర్వాత కూడా మార్చుకోవచ్చు. మిగిలిన ఖర్చును మాత్రం ప్రీమియం ఫీచర్ పేరుతో మనకే అమ్ముతారు. స్విచ్ పాడైతే నల్లగొండలో ఏ ఆటో ఎలక్ట్రీషియన్ అయినా విప్పి చూస్తాడు. తెర పాడైతే ఏసీ, ఆడియో, మ్యాప్ అన్నీ ఒక్కసారే పోతాయి, బండి హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు పోవాల్సిందే.

ఎలక్ట్రిక్ అంటే తెర తప్పదనే వాదనా నిలబడదు. 2023 మే నుంచి హైదరాబాద్–విజయవాడ దారిలో ఆర్టీసీ ఈ-గరుడ బస్సులు తిరుగుతున్నాయి, అవీ కరెంటు బండ్లే. బస్సు డ్రైవర్ ముందు వరుసగా స్విచ్‌లే ఉంటాయి. పొద్దంతా బండి నడిపి బతికేవాళ్లకు ఏది పనికొస్తుందో తయారీదారులకు బాగా తెలుసన్నమాట. తెరకు తన పని తనకుంది. చార్జింగ్ స్టేషన్ ఎక్కడుందో చూడటానికి, బ్యాటరీ ఎంతవరకు నింపాలో పెట్టడానికి, దారి చూపించడానికి, రివర్స్ కెమెరాకు తెరను మించింది లేదు. అవన్నీ బండి ఆగినప్పుడో మెల్లగా కదిలేటప్పుడో చేసుకునే పనులు.

అందరికన్నా ముందు తెర వెంటపడ్డవాళ్లే ఇప్పుడు వెనక్కి వస్తున్నారు. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఎనిమిదో తరంలో ఏసీకి టచ్ స్లైడర్ పెట్టింది, దానికి రాత్రి వెలిగే లైటు కూడా లేదు. కొన్నవాళ్లు తిట్టిపోశారు. ఇకమీదట వాల్యూమ్, ఏసీ, ఫ్యాన్, హజార్డ్ లైట్లకు అసలు బటన్లే ఉంటాయని 2025లో ఆ కంపెనీ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మింట్ ప్రకటించారు. టెస్లా 2023లో మోడల్ 3కి ఇండికేటర్ కాడ తీసేసి స్టీరింగ్ మీద బటన్లు పెట్టింది. 2025లో కొత్త మోడల్ వై తెచ్చేటప్పుడు మాత్రం ఆ కాడను అలాగే ఉంచింది. మాజ్డా కథ ఇంకా విచిత్రం. డ్రైవర్ తెరవైపు చెయ్యి చాపితే తెలియకుండానే స్టీరింగ్ కాస్త తిరుగుతోందని తమ పరిశోధనలో తేలిందంటూ 2019లో టచ్‌స్క్రీన్ తీసేసిన ఆ కంపెనీ, ఇటీవలి సీఎక్స్-5లో బటన్లు పీకేసి పెద్ద తెర పెట్టింది. పరిశోధన తప్పని ఎవరూ అనలేదు, ఫ్యాషన్ గెలిచింది.

బటన్ల గురించి మాట్లాడితే వచ్చే జవాబులు తెలిసినవే. ఏసీని ఆటో మోడ్‌లో పెట్టి మర్చిపోవచ్చు కదా, నోటితో చెప్తే చాలు కదా, కొద్దిరోజుల్లో అలవాటవుతుంది కదా. ఆటో ఏసీ మంచిదే, కానీ వెనక సీట్లో పసిపిల్ల తుమ్మినా తాతకు మోకాళ్లు లాగినా అది కనిపెట్టలేదు. వాయిస్ కమాండ్ తెలుగులోనూ వచ్చింది, సంతోషం. కిటికీ దించి, పాట పెట్టుకుని, పిల్లలు అల్లరి చేస్తున్న కార్లో అది నల్లగొండ యాసలో చెప్పిన 'గాలి జర తక్కువ చెయ్'ని పట్టుకునే లోపు నాబ్‌ను నాలుగుసార్లు తిప్పొచ్చు. అలవాటు మాటకొస్తే, 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర ఓ చమురు ట్యాంకర్‌ను ఢీకొన్న అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ సిబ్బంది ఆ పనే వృత్తిగా ఉన్న నావికులే. టచ్‌స్క్రీన్ మీద స్టీరింగ్ అధికారం ఏ సీటు చేతిలో ఉందో తికమకపడ్డారు, పదిమంది చనిపోయారు. 2019లో ఆ నౌకాదళం వేగం నియంత్రణకు మళ్లీ చేత్తో పట్టుకునే లీవర్లే పెట్టాలని నిర్ణయించింది.

ఐరోపాలో ఒత్తిడి మొదలైంది. కొత్త కార్ల భద్రతను పరీక్షించి స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 జనవరి నుంచి కొత్త నిబంధన తెచ్చింది. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర ఎస్‌ఓఎస్ కాల్ చేతికి తగిలే మీటలతో లేకపోతే మార్కులు తగ్గుతాయి, ఐదు స్టార్లు కష్టమవుతాయి. చట్టం కాదు గానీ స్టార్ల కోసం కంపెనీలు ఏదైనా చేస్తాయి. మన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. పెద్దల రక్షణ, పిల్లల రక్షణ, భద్రతా సాయ పరికరాలు అనే మూడు కొలమానాలతో స్టార్లిచ్చే పద్ధతి పెట్టారు, మీటల ఊసు అందులో లేదు. గుద్దుకున్నాక ఎంత కాపాడుతుందన్న దానికే పెద్దపీట.

వాహనాల ప్రమాణాలు కేంద్రం చేతిలోవి. రోడ్డు ట్యాక్స్ మాత్రం రాష్ట్రానిది. ఎలక్ట్రిక్ కార్ల మీద ఆదాయం వదులుకుంటున్న ప్రభుత్వం బదులుగా ఏదీ అడగడం లేదు. మినహాయింపు పొడిగించే జీవో ఎప్పుడు రాసినా అందులో ఒక వాక్యం చేర్చవచ్చు, ఫలానా పనులకు చేత్తో తిప్పే మీటలున్న కార్లకే పూర్తి మినహాయింపు అని. జాబితాను యూరప్ నుంచి ఉన్నదున్నట్టు దించుకోనక్కర్లేదు. హారన్ చేతికందకుండా దాచే ధైర్యం మన దేశంలో ఏ కంపెనీకీ ఉండదు. మనకు కావాల్సినవి వైపర్ల వేగం, అద్దం మీదికి గాలి, ఏసీ చల్లదనం, ఫ్యాన్ జోరు, హెడ్‌లైట్లు, హజార్డ్ లైట్లు. ఐరోపాలో స్టార్ల కోసం వైపర్లకూ హజార్డ్ లైట్లకూ మీటలు పెట్టే కంపెనీలే ఇక్కడా కార్లు అమ్ముతున్నాయి. మిగిలిన నాలుగింటికి మనం అడుగుతున్నది ఒక నాబ్, రెండు మూడు స్విచ్‌లు.