ఆమె చేతిలో డబ్బుంటే హెచ్‌ఐవీ ముప్పు ఎంత తగ్గుతుంది?

ప్రపంచంలో వారానికి దాదాపు 4,000 మంది 15–24 ఏళ్ల యువతులకు కొత్తగా హెచ్‌ఐవీ సోకుతోందని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్‌ఎయిడ్స్ 2022 లెక్కలు చెప్పాయి. వాళ్లలో 3,100 మంది సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాల వాళ్లే. అక్కడ అదే వయసు అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలకు ముప్పు మూడు రెట్లకు పైగా ఎక్కువ. శరీర నిర్మాణం వల్ల ఆడవాళ్లకు వైరస్ తేలిగ్గా సోకుతుందన్నది నిజమే. కానీ ఇంత తేడాకి అదొక్కటే కారణమంటే నమ్మలేం.

పేదరికమే కారణమని వెంటనే అనేస్తాం. ఇక్కడో చిక్కుంది. 2000 తర్వాత కొన్ని ఆఫ్రికా దేశాల్లో జరిగిన ఇంటింటి సర్వేల్లో, బాగా పేద కుటుంబాల కంటే కాస్త కలిగిన కుటుంబాల్లోనే హెచ్‌ఐవీ ఎక్కువగా కనిపించింది. పట్టణాల్లో ఉండటం, ఎక్కువగా ప్రయాణాలు చేయడం, డబ్బున్న మగవాళ్లకు ఎక్కువమందితో సంబంధాలు ఉండటం లాంటివి దీనికి కొంతవరకు కారణాలు. ఈ సర్వేలు చూపించి పేదరికానికీ హెచ్‌ఐవీకీ సంబంధం లేదని వాదించినవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. సర్వే లెక్కేసేది ఇంటి ఆస్తిని. ఇంట్లో రేడియో, సైకిల్, రేకుల పైకప్పు ఉన్నాయా అని అడుగుతుంది. ఆ ఇంట్లోని పద్దెనిమిదేళ్ల పిల్ల చేతిలో సొంతంగా వాడుకోడానికి ఏమైనా ఉందా అని అడగదు. స్కూలు ఫీజుకి, శానిటరీ ప్యాడ్లకి, ఫోన్ రీచార్జికి ఆ పిల్ల ఎవరిని అడగాల్సి వస్తోందన్నది అసలు ప్రశ్న.

అడిగితే ఇచ్చేవాడు చాలాసార్లు వయసులో పెద్దవాడు, సంపాదనపరుడు. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌లో వైరస్ జన్యువులను పోల్చి, ఎవరి నుంచి ఎవరికి సోకిందో వెతికిన అధ్యయనం 2017లో వచ్చింది. పాతికేళ్ల లోపు యువతులకు వైరస్ అంటించిన మగవాళ్లు సగటున 8.7 ఏళ్లు పెద్దవాళ్లని తేలింది. ఆ మగవాళ్లకు తమ ఈడు ఆడవాళ్లతోనూ సంబంధాలున్నాయి. అలా ఒక తరం నుంచి ఇంకో తరానికి వైరస్ పాకుతోంది. దీన్ని వేశ్యావృత్తి అనుకోవడం పొరపాటు. ఆ పిల్ల దృష్టిలో అతను బాయ్‌ఫ్రెండ్. ఫీజు కడతాడు, బట్టలు కొనిపెడతాడు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి డబ్బిస్తాడు. అలాంటివాడిని కండోమ్ వాడమంటే నా మీద నమ్మకం లేదా అంటాడు. వచ్చే నెల ఫీజు అతని చేతిలో ఉన్నప్పుడు ఆ మాట ఎంత గట్టిగా అనగలదు? కెన్యాలోని కిసుము పట్టణంలో జరిగిన పరిశోధనలో ఇచ్చే డబ్బు, కానుకలు పెరిగేకొద్దీ కండోమ్ వాడకం తగ్గినట్టు కనిపించింది. కండోమ్ వాడండి అనే పోస్టర్ చూసి ఆ అమ్మాయికి కొత్తగా తెలిసేదేమీ లేదు. తెలిసినా అడగలేని పరిస్థితి ఆమెది.

విక్టోరియా సరస్సు ఒడ్డున కెన్యా వైపు పల్లెల్లో ఇది ఇంకా బాహాటంగా కనిపిస్తుంది. అక్కడ పడవలు మగవాళ్లవి. ఒడ్డున చేపలు కొని, ఎండబెట్టి, వేయించి బజారులో అమ్మేది ఆడవాళ్లు. సరస్సులో చేపలు తగ్గాక కొనేవాళ్ల మధ్య పోటీ పెరిగింది. తనతో పడుకునే ఆమెకే ముందు చేపలిస్తానని వేటకి వెళ్లేవాడు షరతు పెట్టే పద్ధతి వచ్చింది, దాన్ని జబోయా అంటారు. అలా ఒప్పుకున్నా చేపలకు డబ్బు విడిగా కట్టాల్సిందే. ఆ ఒడ్డు జిల్లాల్లో హెచ్‌ఐవీ దేశ సగటు కంటే చాలా ఎక్కువ. న్డూరు బీచ్ అనే చోట కొందరు ఆడవాళ్లు సాయం తెచ్చుకుని సొంత పడవలు కట్టించుకున్నారు, మగవాళ్లను కూలికి పెట్టుకున్నారు. పడవ తమదయ్యాక వేటకి వెళ్లేవాడు బేరం పెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఆ పడవలు కొన్నేళ్లకు పాడయ్యాయి, 2020 వరదలు ఊరినే ముంచేశాయి. అయినా ఏది మారితే పరిస్థితి మారుతుందో వాళ్లు చేసి చూపించారు.

ఎప్పుడూ ఉండే లేమి ఒక ఎత్తు, ఉన్నట్టుండి మీద పడే కష్టం ఇంకో ఎత్తు. కెన్యాలోని బుసియాలో సెక్స్ వర్క్ చేసే మహిళలు రోజువారీ డైరీలు రాశారు. ఇంట్లో ఎవరైనా, చాలాసార్లు బిడ్డ, జబ్బుపడిన రోజున కండోమ్ లేకుండా ఒప్పుకోవడం పెరిగిందని ఆ డైరీలు చెప్పాయి. కండోమ్ లేకపోతే ఎక్కువ డబ్బిస్తారు, మందులు ఆ రోజే కొనాలి. 19 ఆఫ్రికా దేశాల్లో 2 లక్షల మందికి పైగా ప్రజల వివరాలను పరిశీలించిన మరో అధ్యయనం 2015లో వచ్చింది. హెచ్‌ఐవీ ఇప్పటికే ఎక్కువగా ఉన్న పల్లెల్లో వాన తప్పిన ప్రతి ఏడూ సోకే రేటును 11 శాతం పెంచిందని అది లెక్కగట్టింది. కరవు సాయం, పంటల బీమా హెచ్‌ఐవీ నివారణ కిందికి రావని ఎవరైనా అంటే ఈ అంకె చూపించాలి.

మరి డబ్బే ఇస్తే? మలావీలోని జోంబా జిల్లాలో 2008–09లో పెళ్లికాని 13–22 ఏళ్ల అమ్మాయిలకు, వాళ్ల కుటుంబాలకు నెలనెలా కొద్ది మొత్తం ఇచ్చి చూశారు. కుటుంబానికి 4 నుంచి 10 డాలర్లు, అమ్మాయి చేతికి విడిగా 1 నుంచి 5 డాలర్లు. 18 నెలల తర్వాత పరీక్షలు చేస్తే, చదువుకుంటున్న వాళ్లలో డబ్బు అందినవాళ్లలో 1.2 శాతం మందికి, అందని వాళ్లలో 3 శాతం మందికి హెచ్‌ఐవీ కనిపించింది. బడికి వెళ్లాలన్న షరతు పెట్టినా పెట్టకపోయినా ఫలితంలో తేడా రాలేదు. డబ్బు అందినవాళ్లు తమ ఈడుకు దగ్గరి వాళ్లతో ఉన్నారు, లైంగిక కలయికలూ తగ్గాయి. ఎవరూ వాళ్లకి నీతులు చెప్పలేదు.

డబ్బే మందని నమ్మే నాలాంటి వాళ్లు ఇక్కడితో ఆగిపోవాలనుకుంటారు. కానీ దక్షిణాఫ్రికా గ్రామాల్లో 2011 నుంచి 2015 దాకా 2,537 మంది అమ్మాయిలతో జరిగిన ప్రయోగం వేరే కథ చెప్పింది. బడిలో 80 శాతం హాజరు ఉంటే నెలకి 300 ర్యాండ్లు (అక్కడి కరెన్సీ), అందులో 100 అమ్మాయికి, 200 ఇంటికి. హెచ్‌ఐవీ సోకడంలో తేడా రాలేదు. అక్కడ డబ్బు ఇవ్వకముందే దాదాపు అందరూ బడికి వెళ్తున్నారు, పిల్లల కోసం ప్రభుత్వ భృతి ముందునుంచే ఉంది. తీరాల్సిన కొరత అప్పటికే కొంత తీరిన చోట అదనపు డబ్బు పెద్దగా మార్చలేకపోయిందని నా అంచనా. అయినా ఆ ప్రయోగంలోనూ రెండు విషయాలు బయటపడ్డాయి. డబ్బు అందినవాళ్లపై భాగస్వాముల హింస తగ్గింది. డబ్బు అందినా అందకపోయినా, చదువు కొనసాగించిన వాళ్లకి హెచ్‌ఐవీ తక్కువగా సోకింది. బోట్స్‌వానాలో 1996 విద్యా సంస్కరణ వల్ల పెరిగిన ఒక్కో ఏడాది హైస్కూలు చదువు హెచ్‌ఐవీ ముప్పును 8 శాతం పాయింట్లు తగ్గించిందని మరో విశ్లేషణ చెప్పింది. ఆడపిల్లల్లో తగ్గుదల ఇంకా ఎక్కువ.

ఇదంతా తెలిసే 2014లో అమెరికా ప్రభుత్వ ఎయిడ్స్ సాయ పథకం పెప్‌ఫార్ నిధులతో డ్రీమ్స్ అనే కార్యక్రమం మొదలైంది. ముందు 10 దేశాల్లో, తర్వాత 15 దేశాల్లో నడిచింది. ఫీజుల సాయం, పొదుపు సంఘాలు, హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే నివారణ మందులు అన్నీ ఒకేచోట ఇవ్వడం దాని పద్ధతి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసింది. ఆ తర్వాత ఇచ్చిన మినహాయింపులో నివారణ మందులు గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మాత్రమే అన్నారు. గర్భం రాని అమ్మాయికి ముప్పు లేదనా? ఇంత క్రూరమైన గీత ఏ వైద్య కారణంతో గీశారో నాకు అర్థం కాదు.

అదే సమయంలో మంచి మందు చేతికొచ్చింది. ఆరు నెలలకోసారి వేసే లెనకపవిర్ ఇంజెక్షన్ తీసుకున్న దక్షిణాఫ్రికా, ఉగాండా యువతులు 2,134 మందిలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదని 2024లో తేలింది. భాగస్వామిని అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. పేద దేశాలకు 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకు దీని జెనరిక్ (వేరే కంపెనీలు చవగ్గా చేసే అదే మందు) ఇస్తామంటున్నారు. కావాల్సిందే. అయితే ఈ ఇంజెక్షన్ హెచ్‌ఐవీని ఆపుతుంది, ఫీజు కోసం ఇష్టంలేని సంబంధంలో ఉండిపోవడాన్ని ఆపదు. గర్భాన్నీ దెబ్బల్నీ ఆపదు.

అమ్మాయిల చేతికి డబ్బు చేరకుండా అడ్డం పడుతున్నది ఎక్కువగా ప్రభుత్వ పద్దుల విభజనే. స్కూలు ఫీజు విద్యాశాఖ ఖర్చు. కరవు భృతి సంక్షేమ శాఖది. ఆ శాఖలు లాభం లెక్కేసేటప్పుడు తప్పిన హెచ్‌ఐవీ కేసులు వాటి పద్దులోకి రావు కాబట్టి ఆ ఖర్చు ఎప్పుడూ దండగలాగే కనిపిస్తుంది. జీవితాంతం మందులివ్వాల్సిన ఆరోగ్యశాఖే హైస్కూలు ఆడపిల్లల ఫీజులో, కరవు భృతిలో కొంత వాటా భరించాలి. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న జిల్లాలతోనే మొదలుపెట్టవచ్చు. ఆ భృతిలో కొంత భాగం జోంబాలో లాగే నేరుగా అమ్మాయి చేతికి వెళ్లాలి.