పాత మద్రాసు కౌన్సిల్ ఉప ఎన్నిక గారికి

మహారాజశ్రీ మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్ ఉప ఎన్నిక గారి సముఖానికి,

నిన్న మధ్యాహ్నమంతా తమ కోసమే ఒక రికార్డు రూములో కూర్చున్నాను. గేటు దగ్గర నా ఓటరు కార్డు చూస్తే గానీ లోపలికి వదల్లేదు. మూడు గంటలు దుమ్ము పీల్చాక 1920ల నాటి తమ కట్ట ఒకటి దొరికింది. ఎవరో మెంబరు గారు కాలం చేశారు, సీటు ఖాళీ అయింది, తమరు దయచేశారు.

ఆ ఎన్నికలో మా ముత్తాత "పెద్ద పని" చేశాడని నానమ్మ చెప్పేది. ఓటేశాడనే అనుకున్నాం ఇంటిల్లిపాదీ. ఓటర్ల జాబితా రెండుసార్లు తిరగేశాను. లేడు. శిస్తు కట్టే ఆసామి ఉన్నాడు, ఆయన పొలం దున్నినవాడు లేడు. నా పిచ్చి గానీ, 4 కోట్ల మంది ఉన్న ప్రెసిడెన్సీలో 1920లో తమవాళ్లు ఓటిచ్చిందే దాదాపు పన్నెండున్నర లక్షల మందికి.

1921లో ఆడవాళ్లకూ ఓటన్నారు, సంతోషం. పట్టా ఎవరి పేరున ఉండేదో మాత్రం అడక్కూడదు. జమీందార్లకు వేరే సీట్లు, యూనివర్సిటీకి ఒక సీటు. సరే, పెద్దల ముచ్చట.

శిస్తు చూసి ఓటిచ్చారు కదా, ఆ ఓట్లతో గెలిచి మంత్రి అయినాయనకు శిస్తు మీద పెత్తనమేదండీ? చదువులు, ఆబ్కారీ మంత్రులకిచ్చి, భూమి శిస్తు, పోలీసు, ఖజానా గవర్నరు గారి గుప్పిట్లోనే ఉంచారు.

కట్ట అడుగున ముత్తాత కనపడ్డాడు, ఖర్చుల కాగితంలో. పోలింగు తేదీ చెబుతూ ఊరూరా టముకు వేసినందుకు కూలి, కొన్ని అణాలు. పక్కన పేరు. కింద వేలిముద్ర.

నానమ్మ చెప్పిన పెద్ద పని ఇదన్నమాట. ఎండన పడి ఊళ్లు తిరిగి, ఓట్లున్న బాబులంతా కదిలి రావాలని గొంతు చించుకున్నాడు. బాబులు వెళ్లి వేసొచ్చారు. ఈయన డప్పు భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. సిగ్గు లేదటయ్యా నీకు? ఆయన గొంతు కావాలి, ఆయన కాళ్లు కావాలి, మనిషి మాత్రం అక్కర్లేదా? ఓటుకు పనికిరాని వేలు రసీదుకెలా పనికొచ్చింది?

ఆ కాగితం జిరాక్సుకు అర్జీ పెట్టాను. సోమవారం రమ్మన్నారు. ఓటరు కార్డు మర్చిపోవద్దన్నారు.

ఇట్లు,
టముకు వేసినవాడి మునిమనవడు