అన్నా, కొంచెం ఎకో పెంచరాదె!

నెలకు రెండు మూడుసార్లు ఒకటే మెసేజ్ వస్తుంది. "అన్నా, వోకల్స్‌కి బెస్ట్ రివర్బ్ ప్లగిన్ ఏది?" ఉన్న రివర్బ్‌ను ఎలా పెట్టుకోవాలి అని అడిగినవాణ్ని ఇంతవరకూ చూడలేదు. (రివర్బ్ అంటే గొంతుకు గది మోత కలిపేది, ప్లగిన్ అంటే దానికోసం కంప్యూటర్లో వేసుకునే చిన్న సాఫ్ట్‌వేర్.) అందుకే ఇవాళ కడుపులో ఉన్నదంతా కక్కేస్తున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిక ఉంటేనే చదవండి.

నేను కరీంనగర్‌లో జానపదాలు మిక్స్ చేస్తాను, యూట్యూబ్ ఛానెళ్ల కోసం. పోయిన నెల ఒక తమ్ముడు పాట పట్టుకొచ్చాడు. గొంతు బంగారం. మొదటి మిక్స్ వినిపించగానే, "అన్నా, కొంచెం ఎకో పెంచరాదె" అన్నాడు. పెంచాను. ఇంకొంచెం అన్నాడు. అదీ పెంచాను. ఎంతైనా డబ్బులిచ్చేది ఆయన. మురిసిపోయి ఇంటికెళ్లాడు. మర్నాడు పొద్దున్నే ఫోన్. "అన్నా, పాట మంచిగనే ఉంది గానీ మా అమ్మకు మాటలు సమజైతలేవంట."

తప్పు ఆయనది కాదు. మన చెవులు పెళ్లి మైక్‌సెట్ల దగ్గరే పాడయ్యాయి. బారాత్‌లోనైనా బతుకమ్మ దగ్గరైనా మైకు పట్టుకున్నవాడు మొదట "హలో, హలో, చెక్" అంటాడు, ఆ తర్వాతి మాట "ఎకో పెట్టు". మిగిలిన కాస్తా కరోకే యాప్‌లు చూసుకున్నాయి. ఎకో ఉంటే తప్పు శ్రుతి కనిపించదు, ఊపిరి తెగినా తెలియదు. పౌడరు దట్టంగా కొట్టిన మొహం లాంటిదన్నమాట.

అసలు మనవాళ్లు ఎకో అనేదాంట్లో సగం ఎకో కాదు. గుట్ట ముందు నిలబడి అరిస్తే విడిగా తిరిగొచ్చేది ఎకో. బాత్రూంలో పాడితే గొంతుకు అంటుకుని సాగేది రివర్బ్. బాత్రూం అన్నది వెటకారానికి కాదు. 1947లో షికాగోలో బిల్ పట్నం అనే ఇంజనీరు నిజంగానే స్టూడియో బాత్రూంలో ఒక స్పీకర్, ఒక మైకు పెట్టి, హార్మోనికాట్స్ అనే బృందం రికార్డుకు ఆ ధ్వని కలిపాడు. ఇక మీరు ప్లగిన్ ప్రీసెట్లలో (ముందే చేసి ఉంచిన సెట్టింగుల్లో) రోజూ చూసే "ప్లేట్" ఏమిటో తెలుసా? జర్మనీ కంపెనీ ఈఎంటీ 1957లో తెచ్చిన 140 అనే యంత్రం. రివర్బ్ కోసం ఫ్రేములో బిగించి వేలాడదీసిన పెద్ద ఉక్కు రేకు. మొత్తం బరువు 270 కిలోల దాకా. దాన్ని కదిలించాలంటే నలుగురు కావాలి. ఇవాళ అదే ల్యాప్‌టాప్‌లో ఒక్క క్లిక్కుతో వస్తోంది, అయినా మనకు తృప్తి లేదు. సేల్ రాగానే ఇంకోటి కొంటాం.

నేనూ కొన్నాను, దాచడమెందుకు. ఒకప్పుడు నా దగ్గర పదకొండు రివర్బ్‌లు ఉండేవి. ఒకరాత్రి కరెంటు పోయొచ్చాక, నిద్ర పట్టక, ఒకే గొంతు మీద మూడింటిని ఒకే లెవెల్లో, దాదాపు ఒకే డికేతో (మోత కరిగిపోవడానికి పట్టే సమయం) పెట్టి, పేర్లు కనబడకుండా చేసి విన్నాను. నాకు నచ్చినదాన్ని తెరిచి చూస్తే నేను మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్ రీపర్‌తో పాటు వచ్చే రీవర్బేట్. వేలు పోసి కొన్నది మూడో స్థానం. ఎంత ఏడుపొచ్చిందో నాకే తెలుసు. అయితే సోలో చేసి విడిగా వింటే, ముఖ్యంగా తోక (గొంతు ఆగాక సాగే మోత) పొడుగ్గా పెట్టినప్పుడు, ఖరీదైనదే బాగుంది. తోక చివర నున్నగా కరిగిపోతుంది, రీవర్బేట్‌లో రేకు చప్పుడు వస్తుంది. కానీ డప్పు, కంజీర, కోరస్ అన్నీ మోగుతుంటే ఆ నునుపు వినేదెవరు?

ఇప్పుడు మళ్లీ ఆ తమ్ముడి పాట దగ్గరికి. ఆ ఫోన్ వచ్చాక కూర్చుని మాట మాటా విన్నాను. పల్లవిలో "గుట్ట" అనే మాట ఉంది. మీరూ ఒకసారి పైకి అనండి. "గు" తర్వాత నాలుక అంగిలికి అతుక్కుని క్షణంపాటు ఆగుతుంది, ఆ తర్వాతే "ట" పేలుతుంది. ఆ ఆగడమే ఒత్తు. అంటే అక్కడ ఉన్నది నిశ్శబ్దం. నేను పెట్టిన రెండున్నర సెకన్ల హాల్ రివర్బ్‌లో "గు" తోక వచ్చి సరిగ్గా ఆ నిశ్శబ్దంలోనే కూర్చుంది. ఇంకేముంది, గుట్ట కాస్తా "గుట" అయింది, పిట్ట "పిట" అయింది. చుక్క, చెట్టు, బొట్టు అన్నిటిదీ అదే గతి. జానపదంలో ఈ మాటలు తీసేస్తే మిగిలేదేముంది? మనం చూసే ట్యుటోరియల్స్ అన్నీ ఇంగ్లీషు పాటల మీద చేసినవి. ఇంగ్లీషు మాట లోపల మన ఒత్తులాంటి ఆగుడు లేదు కాబట్టి ఈ సంగతి వాళ్లు చెప్పరు. మనమే కనిపెట్టుకోవాలి.

ప్రీడిలే (గొంతుకూ రివర్బ్ మొదలుకూ మధ్య పెట్టే ఆలస్యం) పెంచితే సరిపోతుందిగా అంటారు. సగమే సరి. శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, 30 మిల్లీసెకన్లు ఆపితే గోడను మరో ఐదు మీటర్లు వెనక్కి జరిపినట్టే, పోయిరావడం రెండూ లెక్కేస్తే. దాంతో గొంతు ముందుకొస్తుంది, మాట మొదలు శుభ్రంగా వినిపిస్తుంది. నేను 30-40 మధ్య పెడతాను. కానీ ఒత్తు దగ్గరి ఖాళీని ప్రీడిలే కాపాడదు, ఒక్కోసారి తోకను తెచ్చి అందులోనే పడేస్తుంది. అక్కడ పనికొచ్చేవి రెండే. తోక కత్తిరించాలి, అంటే డికే ఒక సెకనుకు అటూఇటూ. రెండోది, రివర్బ్ ఛానెల్ మీద కంప్రెసర్ (శబ్దాన్ని అణిచేది) పెట్టి దానికి పొడి గొంతుతో సైడ్‌చెయిన్ ఇవ్వాలి, అంటే రివర్బ్ కలపని గొంతు వినబడినప్పుడల్లా అది రివర్బ్‌ను అణచాలి. గాయకుడు పాడుతున్నంతసేపూ రివర్బ్ తలవంచుకుని ఉంటుంది, చరణం చివర ఆగగానే లేస్తుంది. రిలీజ్ (అణిచింది మళ్లీ లేవడానికి పట్టే సమయం) మాత్రం 250-300 మిల్లీసెకన్లు ఉంచండి. తక్కువ పెట్టారంటే ఒత్తు దగ్గరి ఆ చిన్న సందులోనే లేచి కూర్చుంటుంది, చేసిన పనంతా వృథా.

ఇక రివర్బ్‌ను ప్రతి ట్రాక్ మీదా ఇన్సర్ట్‌లో, అంటే దేనికది విడిగా, వేసేవాళ్లకు దండం. ఇరవై ట్రాకులుంటే ఇరవై గదులు. డప్పు ఫంక్షన్ హాల్లో, గొంతు గుళ్లో, కోరస్ బావిలో! సెండ్ మీద (ట్రాకులన్నీ పంచుకునే దారి) రెండే పెట్టుకోండి, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, వెట్ వందశాతం (అసలు శబ్దం కలవకుండా రివర్బ్ ఒక్కటే), అందరినీ వాటిలోకే పంపండి. రివర్బ్‌లోకి వెళ్లేదాంట్లో 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి. లండన్ స్టూడియో పేరు మీద ఆబీ రోడ్ ట్రిక్ అని అందరూ చెప్పుకునేది ఇదే. కింది బురద పోతుంది, "స", "ష"ల బుసబుస తగ్గుతుంది. చాలకపోతే రివర్బ్ ముందు డీఎస్సర్ (ఆ బుసను అణిచే ప్లగిన్). డప్పుకైతే నేను పొడుగుది అసలు పెట్టను, ఎవరేమనుకున్నా సరే. దెబ్బకూ దెబ్బకూ మధ్య గాలి ఆడాలి.

ఇంకో మాట, ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ మండించేది. గ్రానైట్ ఫ్లోరింగ్, ఖాళీ గోడలు, కర్టెన్ కూడా లేని గదిలో రికార్డు చేసి, దాని మీద నాలుగు వేల రూపాయల రివర్బ్ వేస్తారు. మీ గది రివర్బ్ అప్పటికే గొంతులో అతుక్కుని ఉంది బాబూ, అది ఏ ప్లగిన్‌తోనూ పూర్తిగా పోదు. గాయకుడి వెనకాల ఒక పరుపు నిలబెట్టండి, పక్కన రెండు బొంతలు వేలాడదీయండి. మా ఇంట్లో బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు పాడిస్తాను. చూడ్డానికి నామోషీగా ఉంటుంది, వినడానికి కాదు.

అసలేదీ కొనొద్దని కాదు. ఉన్నదాంతో ఆర్నెల్లు పనిచేశాక, ఏం తక్కువైందో నోటితో చెప్పగలిగితే కొనండి. వల్హల్లా వింటేజ్‌వెర్బ్ 50 డాలర్లు, నేను కొని బాధపడలేదు. అదే కంపెనీ సూపర్‌మాసివ్ ఉచితం, కానీ దాన్ని తెచ్చి మెయిన్ గొంతు మీద పెట్టకండి, అది మబ్బుల్లో తేలించడానికి చేసింది.

తమ్ముడి పాటకు ఇవన్నీ చేసి, రివర్బ్ నాలుగు డెసిబెల్స్ తగ్గించి, ఏం చేశానో చెప్పకుండా పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు.

"అన్నా, ఇప్పుడు మస్తుంది. అమ్మ మొత్తం పాట పాడుతోంది. కొత్త ప్లగిన్ కొన్నవా? ఏది?"

"కొనలేదు తమ్మీ, ఉన్నదే తగ్గించిన."

కాసేపు మాట్లాడలేదు. "పేరు చెప్పవన్నట్టు. సరే తీ అన్నా" అని పెట్టేశాడు.