తప్పు బోర్డుది, పాఠం తల్లిదండ్రులకా?

ఇంటర్ ఫలితాలు రావడమే ఆలస్యం, పెద్దలంతా వేదికలెక్కి తల్లిదండ్రులకు క్లాసు పీకడం ఆనవాయితీ అయిపోయింది. ఒత్తిడి పెట్టకండి, ఫ్రెండ్స్‌లా ఉండండి, ఈ తరం పిల్లలు సున్నితం అంటూ ఒకటే ఊదర. హన్మకొండలో ఇలాంటి సదస్సు ముగించుకొని బయటికొస్తే రోడ్డు పొడవునా కాలేజీల ర్యాంకుల ఫ్లెక్సీలే. వాటి గురించి మాత్రం ఒక్కరూ నోరు మెదపరు.

ఇంగ్లండ్‌లో జెన్నీ బ్రిస్టో అనే సోషియాలజిస్టు తప్పు ఒకరిదైతే నెపం ఇంకొకరి మీద వేసే ఈ సంగతే ఏళ్లుగా తవ్వుతున్నారు. అక్కడ ఇళ్ల ధరలు ఆకాశానికంటినా, పెన్షన్ల ఖర్చు పెరిగినా నెపం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన తరం మీదికి నెట్టేస్తారు, విధానాలు రాసినవాళ్లు హాయిగా తప్పించుకుంటారు. పిల్లలకు ఏమైనా సరే పెంపకమే కారణమనే ధోరణినీ ఆమె, కెంట్ యూనివర్సిటీ పరిశోధకులు తప్పుబట్టారు. నిపుణుల సలహాలు పెరిగేకొద్దీ తల్లిదండ్రులకు తమ మీద తమకే నమ్మకం పోతోందని వాళ్ల మాట.

మన దగ్గర జరిగింది ఇంతకన్నా ఘోరం. 2019లో తెలంగాణ ఇంటర్ బోర్డు మంచిర్యాల జిల్లా అమ్మాయికి తెలుగులో 99 మార్కులు రావాల్సిన చోట సున్నా వేసింది. ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఉచితంగా రీవెరిఫికేషన్ చేస్తే ఫెయిలైనవాళ్లలో 1,137 మంది పాసైనట్టు తేలింది. ఆ సున్నా వేసింది ఏ అమ్మా నాన్నా? అప్పుడూ ఒత్తిడి, పెంపకం అంటూ మాట మార్చినవాళ్లున్నారు.

పిల్లల్ని మార్కుల కోసం పీడించే తల్లిదండ్రులు లేరని మేం అనడం లేదు. ఉన్నారు, వాళ్లకు చెప్పాల్సిందే. కానీ జగిత్యాల, నిజామాబాద్ వైపు చూడండి: నాయన గల్ఫ్‌లో, అమ్మ బీడీలు చుడుతూ, పిల్లల్ని సాకేది నాయనమ్మ. అప్పు చేసి ఫీజు కట్టింది కూడా ఆ ఫ్లెక్సీలు నమ్మే. వీళ్లలో ఎవరికండీ మీ పేరెంటింగ్ పాఠం?

తప్పు వ్యవస్థది, బోనులో ఇల్లు. ఒకసారి ఇది చెల్లిందంటే రేపు హాస్టల్లో అన్నం పాడైనా, కాలేజీలో లెక్చరర్ లేకపోయినా ఇదే పాట. ఈసారి మైకు పట్టుకునే ముందు ఆ 2019 ఫైలు తెప్పించుకొని చదవండి, ఫ్లెక్సీలు పీకించండి, ఖాళీ పోస్టులు నింపండి. అవి చేతకాకపోతే కనీసం ఆ నాయనమ్మకు సుద్దులు చెప్పడం మానండి.