తాడు తెగాక రెండు సెకన్లు

మామునూరు రన్‌వే మీద మళ్లీ విమానాలు దిగుతాయన్న ఆశ వరంగల్‌లో గట్టిపడింది. 1930లో నిజాం కాలంలో కట్టి, 1981లో మూసేసిన విమానాశ్రయం అది. ఊరికి విమానం వస్తే ఎక్కాలనుకునేవాళ్లే కాదు, నడపాలనుకునే పిల్లలూ తయారవుతారు. వారిలో కొందరు ఇంజను లేని గ్లైడర్‌తో ఓనమాలు దిద్దుకుంటారు. శుభమా అని పిల్లలు ఎగురుతామంటే ప్రమాదాల మాటేమిటని విసుక్కునేవారు విసుక్కోనీ, ఈ సంగతి ఇప్పుడే మాట్లాడుకోవాలి.

సంక్రాంతికి హన్మకొండ మేడల మీద గాలిపటం ఎగరేసిన ప్రతి పిల్లవాడికీ గ్లైడర్ లేచే తీరు సగం తెలుసు. మైదానం ఆ కొసన వించ్ యంత్రం తాడును చుట్టుకుంటుంటే, ఈ కొసన గ్లైడర్ ముక్కు బాగా పైకెత్తి లేస్తుంది. మధ్యలో తాడు తెగిందా, వేగం క్షణాల్లో పడిపోతుంది. వెంటనే స్టిక్‌ను, అంటే గ్లైడర్‌ను నడిపే పిడిని, ముందుకు నెట్టి ముక్కు దించాలి. వేగం పుంజుకునేదాకా పక్కకు తిరగకూడదు. కానీ నేల అంత దగ్గరగా కనిపిస్తుంటే ముక్కును నేలవైపే దించడానికి ఏ చెయ్యి ఒప్పుకుంటుంది? వెనక్కే లాగుతుంది. రెక్కల పైన గాలి పట్టు తప్పుతుంది. ఒక రెక్క ముందు వాలిందంటే గ్లైడర్ గిరగిరా తిరుగుతూ కూలుతుంది. దిగేముందు తీసుకునే చివరి మలుపులోనూ ఇదే గండం. ఇంజను లేదు కనుక మరో చుట్టు వేసి రావడం కుదరదు.

ఆ తర్వాత ‘విద్యార్థి పొరపాటు’ అని రాసి ఫైలు కట్టేయడం తేలిక. ఆ రెండు మాటలతో మేము తృప్తిపడలేం. అతన్ని ఒంటరిగా పంపింది ఎవరు? పంపేముందు వెనక సీట్లోని శిక్షకుడు చెప్పకుండా తాడు వదిలేసి ఎన్నిసార్లు, ఏయే ఎత్తుల్లో పరీక్షించాడు? బ్రిటన్ గ్లైడింగ్ సంఘం 2005లో వించ్ ప్రమాదాల మీద ప్రత్యేకంగా పనిచేసి, శిక్షణలో ఈ అంశాలకే పెద్దపీట వేసింది. ప్రాణాలు తీసే ప్రమాదాలు బాగా తగ్గాయి.

గురువు తోడుంటే చాలనీ అనుకోలేం. 2023 డిసెంబరు 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర వాయుసేన శిక్షణ విమానం కూలి శిక్షకుడు, క్యాడెట్ ఇద్దరూ మరణించారు. అది ఇంజనున్న విమానమే.

రేపు ఉత్తర తెలంగాణలో ఎవరు శిక్షణ మొదలుపెట్టినా, ప్రతి విద్యార్థి లాగ్‌బుక్‌లో ఎగిరిన గంటల పక్కనే తాడు తెగిన అభ్యాసాల లెక్కకూ ఒక గడి ఉండాలి. అది ఖాళీగా ఉన్న పిల్లలను, తల్లిదండ్రులు ఎంత తొందరపెట్టినా, ఒంటరిగా పంపకూడదు.