వెనకాల మసక చేస్తే పోర్ట్రెయిట్ అయిపోదు

"మీ ఫోటోలో ప్రాణం ఉట్టిపడాలా? ఈ 8 సూత్రాలు చాలు" అనే ఫార్వర్డు మళ్లీ తిరుగుతోంది. పోచంపల్లి ట్రిప్పు వేసుకునేవాళ్ల గ్రూపుల్లో, కాలేజీ ఫోటోగ్రఫీ క్లబ్బుల్లో, ఆఖరికి పెళ్లి ఫోటోలు తీసేవాళ్ల గ్రూపులో కూడా. చేనేతవాళ్లని, కుమ్మరులని, గీత కార్మికులని వాళ్లు పనిచేసే చోటే ఎలా తీయాలో నేర్పుతుందట. కింద దండాల బొమ్మలు, "పదిమందికీ పంపండి" అనే విన్నపం. పంపుతున్నవాళ్లలో ఒక్కరైనా మగ్గం పక్కన అరగంట కూర్చున్నట్టు లేదు.

వరసగా చూద్దాం. ఐదోది మాత్రం చివరికి. దాని సంగతి విడిగా చెప్పాలి.

1. "ముఖం ఎప్పుడూ మూడింట ఒక వంతు గీత మీదే ఉండాలి." ఫ్రేముని అడ్డంగా, నిలువుగా మూడు భాగాలు చేసే ఊహా గీతలవి. పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు. మగ్గం ఫ్రేములో ఎక్కడ ఉందో చూడకుండా గీతలు లెక్కపెడితే మాత్రం నిలువు కర్ర ఒకటి సరిగ్గా నడినెత్తిలోంచి మొలుస్తుంది.

2. "నవ్వించండి, నవ్వే అందం." 1941 డిసెంబరులో ఒట్టావాలో ఫోటోగ్రాఫర్ యూసఫ్ కార్ష్ చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేసి తీసిన ఫోటోలో ఏ నవ్వుందో చెప్పండి. తర్వాతి పాయింటు.

3. "85 ఎం.ఎం. లెన్సు, ఎఫ్/1.4, వెనకంతా మసక. ఫోన్ అయితే పోర్ట్రెయిట్ మోడ్." ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది, స్పష్టంగా వచ్చే లోతు అంత తగ్గుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో (పాత ఫిల్ము ముక్కంత సెన్సరున్నది) రెండు మీటర్ల నుంచి తీస్తే ఈ లెక్కన స్పష్టంగా ఉండే లోతు ఐదు సెంటీమీటర్లు కూడా రాదు. కన్ను ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు, ముందుకి చాచిన చేయి సంగతి సరేసరి. పడుగు (మగ్గం మీది నిలువు పోగులు), అచ్చు (పోగుని గుడ్డకి కొట్టే దువ్వెనలాంటి చట్రం), పైనుంచి వేలాడే తాళ్లు అన్నీ కలిసి రంగుల పాయసం. ఆ మాత్రానికి పోచంపల్లి దాకా పోవడం దేనికి? ఇంటి గోడకి ఓ దుప్పటి కట్టుకున్నా సరిపోతుంది. అదే రెండు మీటర్ల నుంచి 35 ఎం.ఎం., ఎఫ్/5.6 పెట్టి చూడండి. దాదాపు 1.6 మీటర్ల నుంచి 2.7 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. మనిషి, చేతులు, నేస్తున్న గుడ్డ అందులో ఇమిడిపోతాయి. వెనక గోడ కాస్త మెత్తబడుతుంది, కానీ అది గోడ అనీ, దాని మీద దేవుడి క్యాలెండరు ఉందనీ తెలుస్తుంది. చీకటి గదిలో ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 3200కి వెళ్లాల్సి వస్తే వెళ్లండి. నలుసులున్న ఫోటో చూడొచ్చు, చేతులు కదిలిపోయిన ఫోటోని ఏం చేసుకుంటారు?

ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ ఇంకా దారుణం. మనిషి అంచు ఎక్కడుందో సాఫ్ట్‌వేరు అంచనా కడుతుంది. సన్నటి పోగుల దగ్గర దానికి అంచనా తప్పుతుంది. సగం పోగులు స్పష్టంగా, సగం మసకగా, నాడె (అడ్డపోగుని అటూ ఇటూ మోసుకెళ్లేది) కొన మాయం. మామూలు 1ఎక్స్ కెమెరా వాడండి, ఒకటిన్నర మీటరు దూరంలో ఉండండి. 0.5ఎక్స్ జోలికి పోవద్దు, అంచుల్లో ఉన్న చేతులు సాగిపోతాయి. 1ఎక్స్‌లో కూడా మరీ దగ్గరికి వెళ్లకండి. మీటరు దూరంలో ఉన్న మనిషి మీవైపు 40 సెంటీమీటర్లు చేయి చాపితే, ముఖంతో పోలిస్తే ఆ చేయి ఒకటిన్నర రెట్లకి పైగా పెద్దదిగా పడుతుంది.

4. "ముఖం ఫ్రేము నిండాలి, చేతులు అనవసరం." ఫోటోగ్రాఫర్ ఆర్నాల్డ్ న్యూమన్ 1946లో తీసిన సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ ఫోటో వెతికి చూడండి. ఫ్రేములో ఎక్కువ భాగం పియానో మూతే. ఆయన కింద ఓ మూలన, పియానో మీద మోచెయ్యి ఆనించి, తల చేతికి ఆనించుకుని ఉంటాడు. తీయమన్న పత్రిక దాన్ని వద్దంది, అది వేరే సంగతి. ఇక చేతులు వదిలేసి నేతగాడిని తీయడమంటే ఆయన ఏం చేస్తాడో చెప్పకుండా ఆయన గురించి చెప్పడం. ఫ్రేము కట్ చేయక తప్పదనుకుంటే మణికట్టు దగ్గర, మోచెయ్యి దగ్గర కోయకండి. చేయి మొత్తం ఉంచండి, లేదా జబ్బ మధ్యలో ఆపండి.

6. "ప్లాస్టిక్ వస్తువులు, సెల్‌ఫోన్లు, మోటార్లు తీసేయండి, పాతకాలపు అందం రావాలి." చిట్టి ఎర్ర బకెట్ పక్కకి జరపమని అడగడంలో తప్పు లేదు, ఆ ఎరుపు ముఖాన్ని మింగేస్తుంది. వెనకున్న హోర్డింగు అక్షరాలూ అంతే, కన్ను ముందు అక్షరాల మీదికే పోతుంది. ఒకడుగు పక్కకి జరిగితే సరిపోతుంది. కానీ మోటారు తీసేయడమేంటి? ఇక్కత్‌కి (పోగులకి ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే నేత) ఆసు పోయడమంటే ఒకవైపు మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రంలా ఉన్న మేకుల వరసకి పోగుని వేలసార్లు అటూ ఇటూ చేత్తో తిప్పడం. దాంతో తన తల్లికి భుజం నొప్పి రావడం చూసే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం నడుస్తున్న ఇంట్లోకి వెళ్లి, "అమ్మా, ఫోటో కోసం ఓసారి చేత్తో పోయండి" అంటారా? తీసేది ఆమె ఫోటోనా, మీ ఊహలోని ఊరి ఫోటోనా?

7. "చేతికి ఏదో ఒకటి ఇవ్వండి." ఇది నిజం. మొత్తం ఎనిమిదిట్లో ఇదొక్కటే నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. ఖాళీ చేతులు ఫోటోని పాడుచేసినంతగా ఇంకేదీ చేయదు. కాకపోతే ఇచ్చేది వాళ్ల వస్తువై ఉండాలి: కండె (పోగు చుట్టిన చిన్న గొట్టం), కత్తెర, సగం చుట్టిన పోగు. మీరు తెచ్చిన ఇత్తడి చెంబు కాదు.

8. "ఎడిటింగులో క్లారిటీ 100, ముడతలు బాగా కనిపించాలి." అవును, ముసలాయన చర్మం ఎండిన చెరువులా కనిపిస్తే ప్రాణం దానంతటదే వచ్చేస్తుంది కదా.

ఇప్పుడు ఐదోది. "కాండిడ్ కావాలంటే వాళ్లకి తెలియకుండా, కిటికీలోంచో తలుపు చాటునుంచో తీయండి. అడిగితే బిగుసుకుపోతారు."

బిగుసుకుపోతారన్నది నిజమే. పరిష్కారమే తప్పు. ఒకళ్ల ఇంట్లోకి దొంగచాటుగా కెమెరా పెట్టడం గురించి నేను వేరే చెప్పాలా? ఆ సంగతి పక్కన పెట్టి, ఫోటో ఎలా వస్తుందో చూడండి. గుంత మగ్గం మీద నేసే మనిషి కూర్చునేది నేల మట్టంలో, కాళ్లు గుంతలో పలకల మీద ఉంటాయి. కిటికీలోంచి చూస్తే మీకు దొరికేది నడినెత్తి, కనుబొమలు. తలుపు దగ్గర నిలబడితే, ఆ గదికి ఉన్న ఒకే ఒక్క వెలుగుకి మీరే అడ్డం.

పనిచేసే పద్ధతి ఇది. లోపలికి వెళ్లి అడగండి. ఒప్పుకుంటే, "అన్నా, మీ పని ఆపొద్దు, నేను ఇక్కడ కూసుంటా" అని చెప్పి నేల మీద కూర్చోండి. చీరకింత అని మజూరి వచ్చే పని అది, మీకోసం ఆగిన ప్రతి పావుగంటా వాళ్ల జేబులోంచే పోతుంది. తలుపు వెలుగు మనిషికి ఓ పక్కనుంచి పడేలా, మగ్గానికి కాస్త ఏటవాలుగా కూర్చోండి. లెన్సు ఆయన ఛాతీ ఎత్తులో ఉండాలి, అంటే నేల నుంచి రెండడుగులు, అటూ ఇటూగా. ట్యూబ్‌లైటు ఆర్పమని అడగొచ్చు, లేకపోతే ముఖం ఒకవైపు పచ్చగా, మరోవైపు నీలంగా వస్తుంది. పోగు కనపడదంటే వెలగనివ్వండి. అప్పుడు ట్యూబ్‌లైటుకే వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకి తగ్గ సవరణ) కుదుర్చుకోండి, లేదా నలుపు తెలుపు చేసేయండి.

మొదటి పదిహేను ఇరవై ఫోటోలు వృథా అనుకునే తీయండి. ఆయన ముఖం కాదు, లయ చూడండి. తాడు లాగడం, నాడె దూసుకుపోవడం, అచ్చు వచ్చి గుడ్డకి తగలడం. అచ్చు తగిలిన క్షణంలో చేయి ఒక్క లిప్త ఆగుతుంది. శబ్దం విని, దానికంటే ఒక వెంట్రుకవాసి ముందు నొక్కాలి. చేయి ఆగినట్టు రావాలంటే షట్టరు వేగం సెకనులో 250వ వంతు. నాడె చారలా పోయి ముఖం నిలవాలంటే 30వ వంతు, మోచేతులు మోకాళ్లకి ఆనించి, అరడజను తీస్తే ఒకటి నిలుస్తుంది.

ముఖం పైకి లేవాలంటే "ఇటు చూడండి" అనొద్దు. చేతులతో జవాబు చెప్పాల్సిన ప్రశ్న అడగండి. "ఈ అంచు ఎక్కడ మొదలవుద్దన్నా?" అంటే వేలు గుడ్డ మీదికి పోతుంది, కళ్లు మీవైపు లేస్తాయి. లేదంటే పోగు తెగేదాకా ఆగండి. అప్పుడు మనిషి మగ్గం మీదికి వంగి, రెండు కొసలూ కళ్ల దగ్గరికి తెచ్చుకుని, వేళ్లతో పేని అతుకుతాడు. ముఖం, చేతులు, పోగు మూడూ ఒకే చోటికి వచ్చేది అప్పుడే. పని నిదానం కాబట్టి 125వ వంతు చాలు. ఫోకస్ కళ్ల మీద కాదు, వేలికొసల మీద పెట్టండి. ఎఫ్/5.6లో కళ్లు ఎలాగూ కలిసొస్తాయి. ఇది చదివి, పోగు తెంపమని మాత్రం ఎవరినీ అడక్కండి.